ఫర్లోర్న్: ఒక పాత ఇంగ్లిషు మాట

క్రికెట్ మ్యాచి చివరి బంతికి ఓడిపోయిన జట్టు ఆటగాడు పిచ్ మీదే కూలబడిపోతాడు. గెలిచినవాళ్లు కేరింతలు కొడుతూ అతని పక్కనుంచే పరుగులు తీస్తుంటారు. మర్నాడు ఇంగ్లిషు పేపర్లో ఆ ఫోటో కింద ఒక మాట తరచుగా కనిపిస్తుంది: ఫర్లోర్న్. ఇంగ్లిషు మాట్లాడేవాళ్లు రోజువారీ కబుర్లలో ఈ మాటను దాదాపుగా వాడటం మానేశారు. స్నేహితుడికి ఫోన్ చేసి 'నేను ఇవాళ ఫర్లోర్న్‌గా ఉన్నాను' అని ఎవరూ అనరు. అంటే పాత పుస్తకంలోంచి లేచొచ్చి మాట్లాడినట్టుంటుంది. అయినా ఆ ఆటగాడి ఫోటో ముందు కూర్చున్న విలేకరికి ఇంకో మాట తోచదు. వెయ్యేళ్లకు పైబడిన ఈ విశేషణం ఎలా పుట్టిందో, పెద్ద కవులు దాన్ని ఎక్కడెక్కడ పెట్టారో ఈ పావుగంటలో మీతో పంచుకుంటాను.

నిఘంటువు తెరిస్తే దిగులు, దైన్యం, ఒంటరితనం, ఆశ లేకపోవడం అంటూ అర్థాలు వరసగా ఇస్తుంది. బీఏ విద్యార్థులు పాఠ్యపుస్తకం అంచున పెన్సిల్‌తో 'విచారం' అని రాసుకుంటారు. తప్పేమీ లేదు, కానీ సగమే వచ్చింది. విచారం మనిషికి ఊరికే కూడా కలగవచ్చు. ముసురు పట్టిన సాయంత్రం చాలు. ఫర్లోర్న్ అనిపించుకోవాలంటే మాత్రం ఒక నష్టం జరిగి ఉండాలి. ఒకరి చేతిలోంచి ఇంకొకరు జారిపోయి ఉండాలి. అందుకే ఈ మాట ఎదురైన ప్రతిచోటా నేను ఒక ప్రశ్న వేసుకుంటాను: ఇక్కడ ఎవరు ఎవర్ని పోగొట్టుకున్నారు?

ఆ ప్రశ్న మాట పుట్టుకలోనే ఉంది. ప్రాచీన ఇంగ్లిషులో 'ఫర్‌లేయొసన్' అని ఒక క్రియ ఉండేది. పూర్తిగా పోగొట్టుకోవడం, వదులుకోవడం అని అర్థం. దాని భూతకాల విశేషణ రూపం 'ఫర్‌లోరెన్'. క్రియ ఎప్పుడో అంతరించింది, ఈ ఒక్క రూపం మిగిలింది. ఇప్పుడు మనం వాడే 'లూజ్', 'లాస్ట్' దీని దగ్గర బంధువులే. మరి లూజ్‌లో 'స'కారపు ధ్వని, లోర్న్‌లో 'ర'కారం ఎందుకొచ్చాయని అడగొచ్చు. ఈ మార్పు వెనక ఉన్న సూత్రాన్ని 1870లలో కార్ల్ వెర్నర్ అనే డెన్మార్క్ పండితుడు వివరించాడు. చిన్నపిల్లలు కూడా బడిలో నేర్చుకునే 'వాజ్', 'వర్' జంటలో ఉన్నది ఈ మార్పే. జర్మన్ భాషలో ఈ మాట తోబుట్టువు 'ఫెర్‌లోరెన్' నేటికీ చాలా మామూలు మాట. తాళంచెవి పోయినా, మ్యాచి పోయినా జర్మన్లు ఆ మాటే అంటారు. ఇంగ్లిషులో మాత్రం అది తాళంచెవులను వదిలేసి మనుషులకూ నిర్జన ప్రదేశాలకూ పరిమితమైంది.

మధ్యలో ఇంకో మలుపు కూడా ఉంది. తొలి రోజుల్లో ఫర్లోర్న్ అంటే దారి తప్పినవాడు, నీతి చెడినవాడు అనే అర్థం కూడా ఉండేది. ఇదే ధాతువు నుంచి పుట్టిన 'లోజెల్' అనే పాత మాటకు పనికిమాలినవాడని అర్థం. నష్టపోయినవాణ్ణి చూసి జాలిపడే మాట, వాణ్ణి చీదరించుకునే మాట ఒకే వేరులోంచి వచ్చాయన్నమాట. మనకిది కొత్తేమీ కాదు. 'దిక్కులేనివాడు' అంటే జాలి. 'దిక్కుమాలినవాడు' అంటే తిట్టు. నష్టపోయిన మనిషి పట్ల లోకం చూపే రెండు ముఖాలూ మాటల్లో అలా నిలిచిపోతాయి.

ఆ రెండు ముఖాలనూ ఒకే చోట చూడాలంటే షేక్‌స్పియర్ 'కింగ్ లియర్' నాటకం నాలుగో అంకానికి వెళ్లాలి. ఇద్దరు పెద్ద కూతుళ్లు ముసలి తండ్రిని తుఫాను రాత్రి బయటికి పోనిచ్చి తలుపులు మూయించారు. తండ్రి అంతకుముందు కట్టుబట్టలతో వెళ్లగొట్టిన చిన్న కూతురు కార్డీలియా ఫ్రాన్స్ నుంచి వచ్చింది. మతి చెదిరి నిద్రపోతున్న తండ్రి పక్కన నిలబడి, ఆ రాత్రి ఆయన ఎక్కడ తలదాచుకోవలసి వచ్చిందో తలుచుకుంటుంది. పందుల పక్కన, కుళ్లిన గడ్డి మీద, ఊరూపేరూ లేని దుండగుల మధ్య. ఆ దుండగులకు ఆమె వాడిన విశేషణం ఫర్లోర్న్. ఊరు చీదరించుకుని తరిమేసిన మనుషులు వాళ్లు. వాళ్ల మధ్య ఇప్పుడు రాజున్నాడు. పైగా ఈ మాట అంటున్న పిల్ల, అదే రాజు చేత కాదనిపించుకున్న కూతురు. మాట ఎవరిని ఉద్దేశించిందో వాళ్లతో ఆగకుండా తండ్రికీ తగులుతుంది, పలికిన కూతురికీ తగులుతుంది. షేక్‌స్పియర్ ఈ మాటను ఇంకా చాలా నాటకాల్లో వాడాడు గానీ ఇంత బరువు మోయించినది ఇక్కడే అని నా అభిప్రాయం.

మిల్టన్ దగ్గరికి వస్తే ఈ మాటకు ఒక కథే ఏర్పడుతుంది. 'పారడైజ్ లాస్ట్' 1667లో అచ్చయింది. దాని పేరులోనే 'పోవడం' ఉంది. మొదటి సర్గలో సైతాను స్వర్గం నుంచి పడి, మండే సరస్సు మీద తేలుతూ, ఎదురుగా ఉన్న బీడు నేలను తన అనుచరుడికి చూపిస్తాడు. వెలుగన్నది లేని ఆ మైదానానికి మిల్టన్ వేసిన విశేషణాల్లో ఫర్లోర్న్ ఒకటి. దేవుడు వదిలేసిన చోటు అది. నాలుగో సర్గలో అదే సైతాను తోటలో చాటుగా నిలబడి ఆదామునూ అవ్వనూ తొలిసారి చూస్తాడు. వాళ్లకు ఇంకా ఏ కష్టమూ రాలేదు. కానీ రాబోయేది వాడికి తెలుసు. మీరిలా దిక్కులేక ఉన్నందుకు నాకూ జాలి కలుగుతోంది, నా మీద ఎవరూ జాలిపడకపోయినా, అని లోలోపల అనుకుంటాడు. అక్కడా ఇదే మాట. తన మీద పడిన మాటను వాళ్ల మీదికి నెడుతున్నాడు.

తొమ్మిదో సర్గలో అవ్వ పండు తినేసింది. ఆదాము ముందు ఇప్పుడు రెండే దారులు. ఆమెను వదిలేసి తాను బతకవచ్చు, లేదా తానూ తినవచ్చు. నువ్వు లేకుండా ఈ అడవుల్లో ఎలా బతకను అని అతను అనుకునే చోట, ఆ అడవులకు ఫర్లోర్న్ అన్న విశేషణం తగిలింది. నిన్నటిదాకా అవే చెట్లు, అదే నందనం. ఒక మనిషి దూరమవుతుందన్న ఊహ ఒక్కటే దాన్ని అడవి చేసింది. పదో సర్గలో ఆదాము కోపంతో అవ్వను తిట్టి ముఖం తిప్పుకుంటాడు. ఆమె అతని కాళ్లమీద పడి, నిన్ను పోగొట్టుకుని నేను ఎక్కడికి పోను, ఎలా బతకను అని ఏడుస్తుంది. ఈ చోట మిల్టన్ ప్రయోగం శ్రద్ధగా గమనించాలి. ఆమె కేవలం ఫర్లోర్న్ కాదు, 'నిన్ను' ఫర్లోర్న్. అంటే ఎవరిని కోల్పోయిందో చెప్పే పదం పక్కనే ఉంది. మాటకున్న మొదటి అర్థం, పోగొట్టుకోవడం, ఇక్కడ తెరిచి చూపించినట్టు కనిపిస్తుంది. సైతాను విసిరిన జాలి మాట ఆరు సర్గలు దాటి వచ్చి అవ్వ నోట నిజమైంది.

ఈ మాటను మిల్టన్ తన మీద కూడా పెట్టుకున్నాడు. ఏడో సర్గ ఆరంభంలో కథ ఆపి సరస్వతిని ప్రార్థించినట్టుగా తన దేవతను ప్రార్థిస్తాడు. గ్రీకు పురాణంలో రెక్కల గుర్రం మీంచి పడిపోయి మైదానంలో దారీతెన్నూ లేక తిరిగిన బెల్లెరొఫాన్ గతి నాకు పట్టించకు అని వేడుకుంటాడు. అక్కడ పడిన మనిషికి వాడిన మాట ఇదే. 1652 నాటికి మిల్టన్‌కు చూపు పూర్తిగా పోయింది. తాను ఎవరి పక్షాన రాశాడో ఆ ప్రభుత్వం 1660లో కూలిపోయింది. ఆయన పుస్తకాలు తగలబెట్టారు, కొంతకాలం జైల్లో పెట్టారు. కావ్యాన్ని పక్కన కూర్చున్నవాళ్లకు చెప్పి రాయించాడు. ఈ సంగతులు తెలిసి ఆ వాక్యం చదివితే పురాణకథ పక్కకు తప్పుకుంటుంది. చీకట్లో కూర్చున్న ఒక పెద్దాయన కనిపిస్తాడు.

ఇక యుద్ధభూమి సంగతి. ఇంగ్లిషులో 'ఫర్లోర్న్ హోప్' అని ఒక జంటపదం ఉంది. నేడు దాన్ని అందరూ నెరవేరని ఆశ అనే అర్థంలో వాడుతున్నారు. మొదట్లో దానికి ఆశతో సంబంధం లేదు. డచ్చి భాషలో 'ఫెర్‌లోరెన్ హోప్' అంటే పోయిన దండు. వాళ్ల 'హోప్' అంటే గుంపు, కుప్ప. ఇంగ్లిషు సైనికులు పదహారో శతాబ్దంలో ఆ మాట విని తమ చెవికి అందినట్టు పలికారు. కోట గోడకు ఫిరంగులతో గండి కొట్టాక ముందుగా ఆ గండిలోకి దూకే కొద్దిమందికి అది పేరు. వాళ్లలో ఎక్కువమంది తిరిగిరారని పంపేవాళ్లకూ తెలుసు, వెళ్లేవాళ్లకూ తెలుసు. ఫ్రెంచివాళ్లు అలాంటి దళాన్ని 'పోయిన బిడ్డలు' అన్నారు. బతికి బయటపడితే అధికారికి పదోన్నతి దొరికేది గనక స్వచ్ఛందంగా ముందుకొచ్చేవాళ్లకు కొదవ ఉండేది కాదు.

ఈ మాట మన దక్షిణ దేశపు మట్టి మీద కూడా నడిచింది. 1799 మే 4న, మధ్యాహ్నపు ఎండలో, టిప్పు సుల్తాన్ కోట శ్రీరంగపట్నం మీదికి ఈస్టిండియా కంపెనీ సేన కావేరి దాటి ఎగబాకింది. హైదరాబాద్ నిజాం సేనలు కంపెనీ పక్షాన ఉన్నాయి. దాడి నడిపిన డేవిడ్ బెయిర్డ్ అదే కోటలో అంతకుముందు మూడేళ్లకు పైగా ఖైదీగా మగ్గినవాడు. నది పాయ లోతు తక్కువే గానీ అడుగున రాళ్లు. ఆ రాళ్ల మీద తడబడుతూ, పైనుంచి పడే గుళ్ల మధ్య, రెండు వరుసల సేనకు ముందు ఒక్కొక్క ఫర్లోర్న్ హోప్ దూసుకుపోయింది. సాయంత్రానికి టిప్పు సుల్తాన్ మరణించాడు. చరిత్ర పుస్తకాలు సుల్తాన్ గురించి, సేనాధిపతుల గురించి రాస్తాయి. ఆ ముందు వరసలో నీళ్లలోకి దిగినవాళ్లను, బురుజు మీద వాళ్లకు ఎదురు నిలిచినవాళ్లను ఒక్కొక్కరినీ తలుచుకుంటే, సైన్యం నోట మొద్దుబారిన ఆ మాటకు మళ్లీ ప్రాణం వస్తుంది. బయల్దేరకముందే 'పోయినవాళ్లు' అని పేరు పెట్టి మనుషుల్ని పంపడం ఎంత క్రూరమైన సంగతో ఆలోచించండి.

కోల్‌రిజ్, వర్డ్స్‌వర్త్‌ల గురించి క్లుప్తంగా చెబుతాను. 1798లో వచ్చిన 'ముసలి నావికుడి' కథ చివర, ఆ కథ విన్న పెళ్లివారి చుట్టం మతిపోయినవాడిలా ఇంటికి మళ్లుతాడు. అక్కడ కోల్‌రిజ్ ఈ మాటను మిల్టన్ అవ్వ నోట పలికించిన పద్ధతిలోనే, 'దేన్ని పోగొట్టుకున్నాడో' చెప్పే పదంతో కలిపి వాడాడు. 1807లో అచ్చయిన ఒక సానెట్‌లో వర్డ్స్‌వర్త్, సంపాదన గోలలో పడి మనిషి సముద్రానికీ గాలికీ పరాయివాడయ్యాడని బాధపడతాడు. పాత గ్రీకు నమ్మకాల్లో పుట్టి ఉంటే సముద్ర దేవతలను చూసి కాస్త తక్కువ ఫర్లోర్న్‌గా ఉండేవాణ్ణి అంటాడు. మనిషి ప్రకృతిని పోగొట్టుకున్నాడన్న ఊహకు ఈ మాటను అంటించినవాడు ఆయన.

ఇప్పుడు కీట్స్. ఈ ప్రసంగం నేను ఒప్పుకున్నదే ఆయన కోసం.

1818 డిసెంబర్ 1న కీట్స్ తమ్ముడు టామ్ క్షయతో చనిపోయాడు. తల్లిని కూడా అదే జబ్బు 1810లో తీసుకుపోయింది. కీట్స్ వైద్యం చదివినవాడు. జబ్బు ఎలా ముదురుతుందో తెలిసినవాడు. టామ్ పక్కన కూర్చుని చివరిదాకా సేవ చేశాడు. తర్వాతి వసంతంలో లండన్ శివారు హాంప్‌స్టెడ్‌లో మిత్రుడు చార్లెస్ బ్రౌన్ ఇంట్లో ఉండగా, ఆ ఇంటి దగ్గర ఒక నైటింగేల్ గూడు కట్టుకుంది. ఒక పొద్దున కీట్స్ ఫలహారాల బల్ల దగ్గరి కుర్చీని ఎత్తుకెళ్లి ప్లమ్ పండ్ల చెట్టు కింద గడ్డిలో వేసుకుని రెండు మూడు గంటలు కూర్చున్నాడని, లోపలికి వచ్చాక చేతిలోని కాగితం ముక్కల్ని చప్పుడు చేయకుండా పుస్తకాల వెనక దోపేస్తుంటే తాను చూశానని బ్రౌన్ తర్వాత రాసుకున్నాడు. ఆ ముక్కల్లో ఉన్నదే నైటింగేల్ మీద కీట్స్ రాసిన గీతం. 1819 జూలైలో అచ్చయింది. అప్పటికి ఆయన వయసు ఇరవై మూడు.

పద్యంలో పక్షి పాట విన్న కవి లోకాన్ని మరిచిపోవాలనుకుంటాడు. మధువు కావాలంటాడు, తర్వాత కవిత్వపు రెక్కలే చాలంటాడు. చీకట్లో కాళ్ల దగ్గర ఏ పువ్వులున్నాయో కనబడవు, వాసనతో పోల్చుకోవాలి. ఈ క్షణంలో ప్రాణం పోయినా హాయే అనుకుంటాడు. ఏడో చరణంలో ఆ పాట కాలాలు దాటి వెనక్కి పోతుంది. రాజులు విన్నారు, పామరులు విన్నారు. బైబిల్లోని రూతు విన్నది. భర్తను పోగొట్టుకుని, అత్త వెంట పరాయి దేశం వచ్చి, కోసిన చేలల్లో పరిగె ఏరుకున్న ఆ విధవరాలు. అక్కణ్ణుంచి పాట ఇంకా దూరం పోయి, అల్లకల్లోలపు సముద్రం మీదికి తెరుచుకునే మాయా కిటికీల్లోంచి వినిపిస్తుంది. గంధర్వలోకం లాంటి ఆ సీమకు చివరి విశేషణం ఫర్లోర్న్. చరణం అక్కడ ముగుస్తుంది. రూతు నిలబడిన పంటచేనుకు వాడిన మాటతో దీనికి ప్రాస కుదిరింది.

ఎనిమిదో చరణం మళ్లీ అదే మాటతో మొదలవుతుంది. ఈసారి అది ఏ సీమకూ విశేషణం కాదు. కవి తన నోట తానే ఆ మాట పలికి ఉలిక్కిపడ్డాడు. అది గంటలా మోగి తనను తన దగ్గరికే లాక్కొచ్చిందంటాడు. ఒకసారి నెమ్మదిగా పలుకుతాను, వినండి. ఫర్… లోర్న్. మొదటి అక్షరం చిన్నది. రెండోది దీర్ఘమై, చివర 'న'కారంతో సన్నగా సాగి ఆగుతుంది. ఇంగ్లండులో ఎవరైనా పోతే చర్చిలో గంట ఆగి ఆగి కొడతారు. తమ్ముణ్ణి సాగనంపి ఆరు నెలలు కాని కవి చెవికి ఆ గంట కొత్తది కాదు. చరణానికీ చరణానికీ మధ్య ఉన్న ఆ ఖాళీలో మాట అర్థం మారిపోయింది. అటువైపు అది మనుషులెవరూ లేని అందమైన దూరతీరం. ఇటువైపు అది కుర్చీలో కూర్చున్న ఒక్క మనిషి. పక్షి ఎగిరిపోతుంది. పాట పచ్చిక దాటి, వాగు దాటి, కొండ మీదుగా అవతలి లోయలో కలిసిపోతుంది.

ఆ పద్యం చేతిరాత ప్రతి ఇప్పుడు కేంబ్రిడ్జిలోని ఫిట్జ్‌విలియం మ్యూజియంలో ఉంది. అందులో ఆ సముద్రాన్ని మొదట, ఓడ అడుగు తగలని సముద్రం అని రాశాడు కీట్స్. తర్వాత కొట్టేసి, ప్రమాదాల సముద్రం అని మార్చాడు. నావలు లేని సముద్రం ఖాళీగా ఉంటుంది. ప్రమాదాలున్న సముద్రంలో ఎవరో ఒకరు మునిగిపోవచ్చు. ఆ మార్పుతో కిటికీ అవతల ఒక మనిషి గుండె బెదురు చేరింది, తర్వాత రాబోయే మాటకు నేల సిద్ధమైంది. కవి ఎక్కడ కలం ఆపి ఆలోచించాడో తెలిసే ఇలాంటి చోట్లు నాకు ఎంతో విలువైనవి. కీట్స్ 1821 ఫిబ్రవరి 23న, ఇరవై అయిదేళ్ల వయసులో, తల్లినీ తమ్ముణ్ణీ తీసుకుపోయిన జబ్బుతోనే రోమ్ నగరంలో కన్నుమూశాడు.

మన భావకవులు కాలేజీల్లో ఈ కీట్స్‌నే, షెల్లీనే చదువుకున్నారు. 'కృష్ణపక్షం' రాసిన దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి కన్నీరు ఇంగ్లిషువాళ్ల దగ్గర అరువు తెచ్చుకున్నదని అప్పట్లో కొందరు వెక్కిరించారు. ఆయన 1945లో ఆకాశవాణిలో చేరి ఎన్నో లలితగీతాలు రాశారు గనక ఈ మైకు ముందు ఆయన పేరు తలుచుకోవడం నాకు సంతోషం. ఆ వెక్కిరింపు అన్యాయమనుకుంటాను. చదువు ఒక ధోరణిని చూపించి ఉండవచ్చు. పోగొట్టుకున్న బాధ ఎవరిది వారికే ఉంటుంది.

చిన్నపిల్లల నోట కూడా ఈ మాట ఉందని మరిచిపోకూడదు. 'జాక్ కట్టిన ఇల్లు' అనే గొలుసుపాట, మన ఏడు చేపల కథలా ఒకదానికొకటి తగులుకుంటూ పోతుంది. అందులో ఆవు పాలు పితికే పిల్ల ఫర్లోర్న్. ఎందుకలా ఉందో పాట చెప్పదు. ఆవు కొమ్ముకు ప్రాస కావాలి, వచ్చిందంతే. కానీ ఇంగ్లండులో తరతరాల పిల్లలు కవుల కన్నా ముందు ఆ పిల్ల దగ్గరే ఈ మాట విన్నారు.

చివరిగా డికెన్స్. 1849లో మొదలై మరుసటి ఏడు ముగిసిన 'డేవిడ్ కాపర్‌ఫీల్డ్' నవలలో మిసెస్ గమ్మిడ్జ్ అనే వితంతువు ఉంది. భర్త పోయాక, సముద్రం ఒడ్డున పాత పడవను ఇల్లుగా చేసుకున్న పెగొటీ అనే బెస్తవాడు ఆమెకు నీడ ఇచ్చాడు. ఆమె పొయ్యి పక్కన కూర్చుని, తాను ఒంటరి ప్రాణినని, లోకమంతా తనకు ఎదురు తిరుగుతుందని రోజంతా గొణుగుతుంది. తనను గురించి చెప్పుకోవడానికి 'లోర్న్' అన్న పొట్టి రూపమే ఆమె ఊతపదం. పెగొటీ విసుక్కోడు. పాపం పోయిన ముసలాయన గుర్తొచ్చాడని ఓర్చుకుంటాడు. తర్వాత ఆ ఇంటి మీద నిజంగా పిడుగు పడింది. పెగొటీ కూతురిలా పెంచుకున్న ఎమిలీ ఒక పెద్దింటి కుర్రాడితో వెళ్లిపోయింది. ఆ క్షణం నుంచి గమ్మిడ్జ్ తన బాధ ఎత్తడం మానేసింది. పడవ సామాన్లు మోసింది, ఇల్లు కనిపెట్టుకుని ఉంది, కుంగిపోయిన పెగొటీకి ఆసరాగా నిలిచింది. వాళ్లు ఆస్ట్రేలియాకు బయల్దేరితే నన్నూ తీసుకుపొమ్మని పట్టుబట్టి ఓడ ఎక్కింది.

ఏళ్ల తర్వాత ఇంగ్లండు వచ్చిన పెగొటీని డేవిడ్ ఆమె గురించి అడుగుతాడు. పెగొటీ పగలబడి నవ్వుతాడు. ఓడలో వంటవాడొకడు అక్కడే స్థిరపడి, నన్ను పెళ్లి చేసుకోమని ఆమెను అడిగాడట. ఆమె పక్కనే ఉన్న బకెట్ తీసి వాడి నెత్తిన మోదిందట. వాడు కాపాడండని కేకలు పెడితే పెగొటీయే వెళ్లి విడిపించాడట. నవ్వు ఆగాక ఆయన చెబుతాడు: కొత్త దేశంలో అడుగుపెట్టి, ఏమీ లేని నేల మీద బతుకు మొదలుపెట్టిన రోజుల్లో కూడా, ఆమె ఒక్క నిమిషం తనను ఆ పాత మాటతో పిలుచుకోగా నేను వినలేదు.